సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ మార్చాక ఫ్యూయల్ ట్యూనింగ్: ఏది ముందు, ఏది వెనక

"అన్నా, సైలెన్సర్ మార్చిన. థ్రాటిల్ వదలంగనే పటపట కొడుతున్నది. జెట్ పెద్దది వేయాల్నా?" ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్తే సగం మందికి తప్పు జవాబే అవుతుంది. జెట్ అంటే కార్బొరేటర్‌లో పెట్రోలు ఎంత వెళ్లాలో తేల్చే, చిన్న రంధ్రం ఉన్న ముక్క. దాని దాకా వెళ్లకముందే చూడాల్సినవి చాలా ఉన్నాయి. చాలా బండ్లకు అసలు జెట్ దాకా వెళ్లే పనే పడదు. అందుకే మొత్తం పద్ధతి ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఫోర్ స్ట్రోక్ బండ్ల గురించి మాత్రమే. ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్‌ల లెక్క వేరు.

రెండు మాటలు ముందే చెప్పుకుందాం. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే లీన్. పెట్రోలు ఎక్కువైతే రిచ్. కిందంతా ఇవే మాటలు వస్తాయి.

1. మీరు మార్చింది ఎంత?

ట్యూనింగ్ ఎంత కావాలన్నది సైలెన్సర్ శబ్దాన్ని బట్టి ఉండదు, గాలి దారి ఎక్కడ మారిందన్నదాన్ని బట్టి ఉంటుంది.

- వెనక డబ్బా మాత్రమే మారింది, బెండ్ పైపు (ఇంజిన్ నుంచి సైలెన్సర్ దాకా వచ్చేది), క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించేది) కంపెనీవే: చాలా బండ్లకు ఏమీ చేయనక్కర్లేదు. కార్బొరేటర్ బండి అయితే మిక్స్చర్ స్క్రూ (థ్రాటిల్ వదిలినప్పటి గాలి, పెట్రోలు పాళ్లు సర్దేది, 6.3 చూడండి) కాస్త తిప్పితే సరిపోవచ్చు.
- కంపెనీ ఫిల్టర్ డబ్బాలోనే ఎక్కువ గాలి వదిలే ప్యానెల్ ఫిల్టర్ వేశారు: తేడా చిన్నది. కొలిచి చూస్తే చాలు.
- బెండ్ పైపుతో సహా ఫుల్ సిస్టమ్: ట్యూనింగ్ తప్పనిసరి.
- ఫిల్టర్ డబ్బా తీసేసి కోన్ ఫిల్టర్ పెట్టారు: ట్యూనింగ్ తప్పనిసరి, కష్టం కూడా.

నా సలహా అడిగితే, రోజూ ఆఫీసుకు వెళ్లే బండికి కోన్ ఫిల్టర్ వద్దు. సీవీ కార్బొరేటర్‌లో గాలి దారిని తెరిచే స్లైడ్ కేబుల్‌తో కాక ఇంజిన్ వ్యాక్యూమ్‌తో లేస్తుంది. ఫిల్టర్ డబ్బా తీసేస్తే లోపల గాలి నిలకడ పోయి, మధ్య థ్రాటిల్‌లో ఏ జెట్ వేసినా సరిగా కుదరదు. పైగా అది ఇంజిన్ వేడి గాలినే పీలుస్తుంది. వానాకాలంలో మన రోడ్ల మీద మోకాలి లోతు నీళ్లలో వెళ్లాల్సి వచ్చినప్పుడు ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

చట్టం సంగతీ ఇక్కడే తేల్చుకోండి. అనుమతి లేని మార్పుకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండొచ్చు. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే సెక్షన్ 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండొచ్చు, పైగా మూడు నెలల పాటు లైసెన్స్‌కు అనర్హత. హైదరాబాద్ పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోలర్‌తో తొక్కించిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ఇండోరి, షార్ట్ బాటిల్ లాంటి పెద్ద చప్పుడు సైలెన్సర్లు వేసి ఆపైన ట్యూనింగ్‌కు డబ్బు పెట్టేవాళ్లు ఈ లెక్క కూడా వేసుకోవాలి. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసిన బండి ఎంత బాగా ట్యూన్ చేసినా రోడ్డు బండి కాదు. దాన్ని ట్రాక్‌కే ఉంచండి.

2. బండి సరిగా ఉందా?

అరిగిన బండిని జెట్‌తో బాగు చేయలేం. ముందు ఇవి చూసుకోండి:

- వాల్వ్ క్లియరెన్స్ మాన్యువల్‌లో ఇచ్చిన కొలతలో ఉందా (చల్లటి ఇంజిన్ మీద చూడాలి)
- కొత్త స్పార్క్ ప్లగ్, సరైన గ్యాప్
- బ్యాటరీ వోల్టేజ్. ఎఫ్‌ఐ (కార్బొరేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న) బండ్లకు ఇది చాలా ముఖ్యం
- థ్రాటిల్ కేబుల్ ఫ్రీ ప్లే. థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటోందా
- కార్బొరేటర్ శుభ్రం, ఫ్లోట్ ఎత్తు సరైనది
- ఎఫ్‌ఐ బండికి ఫ్యూయల్ ప్రెజర్. ఎక్కువ బండ్లలో 3 బార్ దరిదాపుల్లో ఉంటుంది, మీ మాన్యువల్ అంకె చూసుకోండి
- ఇంజిన్ లైట్ వెలుగుతుంటే ఎర్రర్ కోడ్ ఏమిటో ముందు తేలాలి

ఆయిల్ పూసే రకం ఫిల్టర్ అయితే ఎక్కువ పూయకండి. ఆ నూనె థ్రాటిల్ బాడీలో పేరుకుంటుంది. ఆ తర్వాత వచ్చే ఐడిల్ (థ్రాటిల్ వదిలేసినప్పుడు ఇంజిన్ తిరిగే తీరు) ఇబ్బందిని లీన్ అనుకుని ట్యూనింగ్ మొదలుపెడతారు.

3. లీకులు: ఎక్కువ టైమ్ ఇక్కడ పెట్టండి

సైలెన్సర్ మార్చాక వచ్చే పటపటకు మొదట అనుమానించాల్సింది జాయింట్‌ను. థ్రాటిల్ వదిలినప్పుడు పైపులో పీడనం పడిపోయి, లీకు దగ్గర బయటి గాలి లోపలికి వెళ్తుంది. కాలకుండా మిగిలిన పెట్రోలు ఆ గాలితో కలిసి పైపులోనే అంటుకుంటుంది. జెట్ పెంచితే ఇది తగ్గినట్టు అనిపించినా, మైలేజీ పడిపోతుంది, లీకు మాత్రం అలాగే ఉంటుంది.

- సిలిండర్ హెడ్ దగ్గరి ప్యాకింగ్ పాతది మళ్లీ వాడకండి. ఒకసారి నలిగాక మళ్లీ పూర్తిగా పట్టదు.
- నట్లన్నీ ముందు చేత్తో వదులుగా పెట్టండి. హెడ్ దగ్గర బిగించండి, తర్వాత మధ్య క్లాంపు, చివర సైలెన్సర్ బ్రాకెట్. వెనక నుంచి బిగిస్తే పైపు మీద ఒత్తిడి పడి హెడ్ దగ్గర సందు వస్తుంది.
- చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన వెంటనే జాయింట్ దగ్గర చెయ్యి, తగలకుండా, పెట్టి చూడండి. ఊదినట్టు తెలిస్తే లీకే. కొన్ని రోజులు నడిపాక జాయింట్ చుట్టూ నల్లటి మసి కనిపించినా అదే సంగతి.
- ఇన్‌టేక్ రబ్బరు మీద స్ప్రే బాటిల్‌తో నీళ్లు కొట్టండి. ఐడిల్ మారితే అక్కడ గాలి పీలుస్తోంది. కార్బ్ క్లీనర్ కొట్టి చూసే అలవాటు చాలా షెడ్లలో ఉంది. వేడి బెండ్ పైపు పక్కన అది మంటకు పిలుపు.

లీకులు లేవని తేలాక కూడా పటపట ఉంటే, సెకండరీ ఎయిర్ వాల్వ్ చూడండి. పొగ తగ్గించడానికి ఎగ్జాస్ట్ పోర్టులోకి తాజా గాలి పంపే ఏర్పాటు ఇది. కంపెనీ సైలెన్సర్ ఈ చప్పుడును దాచేస్తుంది, ఓపెన్ సైలెన్సర్ బయటపెడుతుంది. ఆ గొట్టాన్ని ఒక్క రైడ్‌కు మూసి చూడండి. పటపట పోయిందంటే మిక్స్చర్ తప్పు కాదు. గొట్టం మళ్లీ పెట్టేయండి, బండిని అలా వదిలేయండి.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇంజిన్ ఆన్ చేసి ఈ పనులు చేయవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తల తిరిగేదాకా తెలియదు. బయట, నీడలో చేయండి. పక్కన మంటలార్పే సిలిండర్ ఉండాలి.

4. థ్రాటిల్ మీద గుర్తులు, చేతిలో నోట్‌బుక్

"4000 ఆర్‌పీఎం దగ్గర మిస్సింగ్ ఉంది" అంటే కార్బొరేటర్ బండిలో ఏ జెట్ సంగతో తెలియదు. జెట్లు పనిచేసేది ఆర్‌పీఎం ప్రకారం కాదు, థ్రాటిల్ ఎంత తెరిచారన్న దాని ప్రకారం. గ్రిప్ మీద, దాని పక్క హౌసింగ్ మీద మాస్కింగ్ టేపు అంటించి సున్నా, పావు, సగం, ముప్పావు, ఫుల్ అని గీతలు పెట్టుకోండి. ఇక మీ ఫిర్యాదు ఈ భాషలోనే ఉండాలి: "పావు నుంచి సగం మధ్య ఊగుతోంది."

నోట్‌బుక్‌లో ఒక్కో మార్పుకు ఒక్కో వరుస రాయండి: తేదీ, ఎండ ఎంత, ఏ బంకు పెట్రోలు, ఏది ఎంత మార్చారు, ఏ గీత దగ్గర ఎలా ఉంది. ఒకసారికి ఒకే మార్పు. జెట్, నీడిల్ (మధ్య థ్రాటిల్‌లో పెట్రోలు దారికి అడ్డుండే సూది) ఒకేసారి మార్చిన రోజు మీకు ఏమీ తెలియదు.

5. ఏ అంకె కోసం చూడాలి? ఈ20 గొడవ

శుద్ధ పెట్రోలు పూర్తిగా కాలడానికి ఒక కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20కి, అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన దానికి, ఆ అంకె సుమారు 13.5. అందుకే 14.7, 13.2 అంటూ నెట్‌లో తిరిగే అంకెలను పట్టుకోకుండా లాంబ్డా చూడండి. ఏ ఇంధనమైనా సరిగ్గా సరిపడా గాలి ఉంటే లాంబ్డా 1. ఒకటి దాటితే లీన్, తక్కువైతే రిచ్. చాలా వైడ్‌బ్యాండ్ మీటర్లు (ఎగ్జాస్ట్ గ్యాస్‌ను బట్టి లాంబ్డా కొలిచేవి) 14.7 అని చూపించేది నిజానికి లాంబ్డా 1నే. మీ ట్యాంకులో ఈ20 ఉన్నా అదే చూపిస్తాయి.

గాలితో చల్లబడే సింగిల్ సిలిండర్ బండికి గురి ఇలా పెట్టుకోండి:

- ఫుల్ థ్రాటిల్: 0.86 నుంచి 0.90
- నిలకడగా వెళ్తున్నప్పుడు: 0.95 నుంచి 1.0
- ఐడిల్: 0.92 నుంచి 0.98, ఎఫ్‌ఐ బండి క్లోజ్డ్ లూప్‌లో (ఏడో విభాగంలో చెప్పాను) ఉంటే 1

ఒక విషయం చాలామంది గమనించరు. శుద్ధ పెట్రోలుకు జెట్లు కుదిర్చిన పాత కార్బొరేటర్ బండి, ఈ20తో సైలెన్సర్ మార్చకుండానే సుమారు 8 శాతం లీన్ అయింది. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి గాలి కాస్త పలచన. కార్బొరేటర్ ఆ కారణంగా రెండున్నర శాతం దాకా రిచ్ అవుతుంది. రెండూ కలిపినా లీన్ వైపే మిగులుతుంది. ఇది సైలెన్సర్ తప్పని కొందరు పొరబడతారు.

ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోస్తే లీన్ తగ్గుతుందన్న నమ్మకం ఒకటి ఉంది. తగ్గదు. ఆక్టేన్ నాకింగ్‌కు (పెట్రోలు వేళ కాని వేళ అంటుకుని ఇంజిన్ కొట్టుకోవడానికి) సంబంధించింది, మిక్స్చర్‌కు కాదు.

6. కార్బొరేటర్ బండి: ఫుల్ థ్రాటిల్ ముందు, ఐడిల్ చివర

మన దగ్గర ఎక్కువ మంది స్క్రూ డ్రైవర్ పట్టుకుని ముందు ఎయిర్ స్క్రూ తిప్పుతారు. బండి స్టార్ట్ అయి నిలబడేంత మటుకు అది చాలు, అసలు పని అక్కడ మొదలుపెట్టకూడదు. ఫుల్ థ్రాటిల్‌లో నీడిల్ దాదాపు అడ్డం తొలగుతుంది, మెయిన్ జెట్ ఒక్కటే లెక్క. కానీ సగం థ్రాటిల్‌లో మెయిన్ జెట్, నీడిల్ రెండూ కలిసి పనిచేస్తాయి. అందుకే నీడిల్ ముందు సరిచేసి తర్వాత మెయిన్ జెట్ మారిస్తే చేసిన పని పాడవుతుంది.

6.1 మెయిన్ జెట్ (ముప్పావు నుంచి ఫుల్)

కంపెనీ జెట్ మీది అంకె రాసుకోండి. రెండు సైజులు పెద్దది వేసి అక్కడి నుంచి కిందికి రండి. ఫుల్ లోడ్‌లో లీన్ అయితే పిస్టన్ పోతుంది, రిచ్ అయితే ప్లగ్ మసి పడుతుంది. ఏ వైపు నుంచి రావాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఫుల్ థ్రాటిల్‌లో ఉంచి, కొద్దిగా వెనక్కి తగ్గించండి. బండి ఒక్క క్షణం ముందుకు దూకినట్టు అనిపిస్తే జెట్ చిన్నది. పైన ఆర్‌పీఎం ఎక్కకుండా గుడగుడమంటూ మొరాయిస్తే పెద్దది. ఈ పరీక్ష డైనో (బండిని రోలర్ల మీద నిలబెట్టి నడిపి కొలిచే యంత్రం) మీదే చేయండి.

జెట్లు రాణిగంజ్‌లోనో పుత్లీబౌలీలోనో కొనేటప్పుడు మీ పాత జెట్ జేబులో పెట్టుకెళ్లి థ్రెడ్, తల ఆకారం పోల్చుకోండి. అంకె ఒకటే అయినా రెండు కంపెనీల జెట్లు ఒకే కొలత కావు. సన్నటి డ్రిల్‌తో జెట్ రంధ్రం పెంచే షెడ్డు నుంచి బండి వెనక్కి తెచ్చుకోండి.

6.2 నీడిల్ (పావు నుంచి ముప్పావు)

మనం రోజూ నడిపేది ఎక్కువగా ఈ భాగంలోనే. నీడిల్ మీది క్లిప్ ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేస్తుంది, రిచ్ అవుతుంది. పైకి పెడితే లీన్. చాలా కంపెనీ సీవీ నీడిళ్లకు గాళ్లు ఉండవు. అలాంటప్పుడు నీడిల్ తల కింద అర మిల్లీమీటరు మందం వాషరు ఒకటి వేసి చూడండి.

సగం థ్రాటిల్‌లో నిలకడగా వెళ్తుంటే బండి ముందుకు వెనక్కి ఊగుతోందా? చోక్ కొంచెం లాగండి. బాగైతే లీన్, ఇంకా పాడైతే రిచ్. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్ష థ్రాటిల్ ఏ గీత దగ్గరైనా పనికొస్తుంది.

సీవీ కార్బొరేటర్ మూత తీసినప్పుడు డయాఫ్రం (స్లైడ్‌ను లేపే సన్నటి రబ్బరు పొర) అంచు గాడిలో సరిగా కూర్చోబెట్టండి. నలిగినా, చిరిగినా బండికి పికప్ ఉండదు. మీరు జెట్ల మీద అనుమానపడుతూ తిరుగుతారు.

6.3 పైలట్ జెట్, మిక్స్చర్ స్క్రూ (సున్నా నుంచి పావు)

స్క్రూ ఎక్కడుందో ముందు చూడండి. ఫిల్టర్ వైపు ఉంటే అది ఎయిర్ స్క్రూ: బయటికి తిప్పితే లీన్. ఇంజిన్ వైపు ఉంటే ఫ్యూయల్ స్క్రూ: బయటికి తిప్పితే రిచ్. ఇది తెలియక తిప్పేవాళ్లే ఎక్కువ.

స్క్రూను మెల్లగా లోపలికి తిప్పి ఎన్ని చుట్లో లెక్కపెట్టి రాసుకోండి. గట్టిగా బిగిస్తే మొన విరిగి కార్బొరేటర్ బాడీలో ఇరుక్కుంటుంది. తర్వాత పాత చోటికి తెచ్చి, వేడి ఇంజిన్ మీద పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఆర్‌పీఎం ఎక్కడ ఎక్కువైతే అక్కడ ఆపండి. పెరిగిన ఐడిల్‌ను ఐడిల్ స్క్రూతో దించి, మళ్లీ ఒకసారి ఇదే చేయండి.

ఫ్యూయల్ స్క్రూ మూడు చుట్లు దాటినా ఇంకా బయటికి అడుగుతుంటే పైలట్ జెట్ ఒక సైజు పెంచాలి. ఒక చుట్టు లోపలే కుదిరితే తగ్గించాలి. ఎయిర్ స్క్రూ అయితే దీనికి తలకిందులు.

7. ఎఫ్‌ఐ బండి

2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక కొత్త బండ్లు దాదాపు అన్నీ ఎఫ్‌ఐ. వీటిలో రెండు లోకాలు ఉన్నాయి. ఐడిల్‌లో, మెల్లగా నిలకడగా వెళ్తున్నప్పుడు ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఓ2 సెన్సర్ (ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ పసిగట్టేది) చూసి తనే లాంబ్డా 1కి సర్దుకుంటుంది. ఇది క్లోజ్డ్ లూప్. థ్రాటిల్ గట్టిగా తెరిస్తే సెన్సర్‌ను పక్కనపెట్టి లోపలి పట్టిక ప్రకారం పెట్రోలు కొడుతుంది. మీ ఫుల్ సిస్టమ్ తేడా బయటపడేది ఈ రెండో చోటే.

వరుస ఇది:

- వైడ్‌బ్యాండ్ సెన్సర్ కోసం బెండ్ పైపుకు బంగ్ (సెన్సర్ బిగించే, లోపల మరలున్న నట్టు లాంటి ముక్క) వెల్డ్ చేయించండి. క్యాటలిటిక్ కన్వర్టర్ కంటే ముందు, హెడ్‌కు మరీ దగ్గర కాకుండా. సెన్సర్ మొన కిందికి వాలి ఉండాలి, అడ్డంగా ఉంటే నీటి చుక్కలు చేరి చెడిపోతుంది. కరెంటు ఇవ్వకుండా దాన్ని పైపులో ఉంచి నడపవద్దు.
- కంపెనీ ఓ2 సెన్సర్ దాని చోటే ఉంచండి.
- ఏ మార్పూ చేయకముందు ఒకసారి కొలిచి పెట్టుకోండి.
- తర్వాతే పిగ్గీబ్యాక్ మాడ్యూలా, ఈసీయూ రీఫ్లాషా తేల్చుకోండి.

పిగ్గీబ్యాక్, అంటే ఫ్యూయల్‌ఎక్స్, పవర్ కమాండర్ లాంటివి, ఇంజెక్టర్‌కు వెళ్లే సిగ్నల్‌ను సాగదీస్తాయి లేదా కుదిస్తాయి. విప్పేస్తే బండి పాత దారికి వస్తుంది. రీఫ్లాష్‌లో పట్టికనే మారుస్తారు. పని శుభ్రంగా ఉంటుంది, వారంటీ మీద ఆశ వదులుకోవాలి. ఒక్క ఫుల్ సిస్టమ్ కోసమైతే నేను పిగ్గీబ్యాక్‌నే చెప్తాను.

పిగ్గీబ్యాక్ పట్టికలో క్లోజ్డ్ లూప్ భాగం గళ్లను సున్నా దగ్గరే వదలండి. అక్కడ మీరు పెంచింది ఈసీయూ తగ్గించేస్తుంది. మిగతా గళ్లకు లెక్క సులువు: కొలిచిన లాంబ్డాను కావాల్సిన లాంబ్డాతో భాగించండి. 0.97 వచ్చింది, 0.88 కావాలి. 0.97ను 0.88తో భాగిస్తే 1.10, అంటే పది శాతం ఎక్కువ కావాలి. ముందు ఐదు వేసి మళ్లీ కొలవండి.

పొట్టి ఓపెన్ పైపు ఉంటే ఐడిల్‌లో బయటి గాలి వెనక్కి వచ్చి సెన్సర్‌కు తగులుతుంది, మీటరు అబద్ధంగా లీన్ చూపిస్తుంది. ఆ అంకె చూసి పెట్రోలు పెంచవద్దు. ఓ2 సెన్సర్ తీసేసి దాని బదులు చిన్న రెసిస్టర్ ప్లగ్ పెట్టే చవక పరిష్కారం నాకు నచ్చదు. బండి కళ్లకు గంతలు కట్టి పెట్రోలు ఎక్కువ పోయించడమే అది.

8. హైదరాబాద్‌లో ఎక్కడ పరీక్షించాలి

ఓఆర్‌ఆర్ మెయిన్ రోడ్డు మీదికి, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికి టూ వీలర్లకు అనుమతి లేదు. ఆ ఆలోచన మానేయండి. ఫుల్ థ్రాటిల్ పని డైనోలోనే. రోడ్డు మీద చూడాల్సింది పావు నుంచి సగం థ్రాటిల్: పొద్దున్నే శ్రీశైలం రోడ్డు మీద తుక్కుగూడ దాటాక నిలకడ వేగం, వికారాబాద్ అనంతగిరి ఎత్తుల్లో మూడో గేరులో లోడ్. సాయంత్రం అమీర్‌పేట్ ట్రాఫిక్‌లో అరగంట కూడా ఒక పరీక్షే. వేడెక్కాక ఐడిల్ ఎక్కిపోతే లీన్ లేదా లీకు, పడిపోయి ఆగిపోతుంటే రిచ్ అని అనుమానించండి.

9. లక్షణం చూసి చోటు పట్టడం

- థ్రాటిల్ వదిలినా ఆర్‌పీఎం మెల్లగా దిగుతోంది: ఇన్‌టేక్ లీకు, తర్వాత పైలట్ లీన్
- చల్లగా బాగుంది, వేడెక్కాక మొద్దుగా ఉంది: రిచ్
- చోక్ లేకుండా ఎంతకీ నిలబడట్లేదు: పైలట్ లీన్
- ఫిల్టర్ వైపు నుంచి తుమ్మినట్టు చప్పుడు: లీన్
- నల్ల పొగ, మైలేజీ పతనం: రిచ్, ఏ గీత దగ్గరో చూడండి
- సైలెన్సర్‌లో పటపట: మూడో విభాగానికి వెళ్లండి

ప్లగ్ రంగు చూసి తీర్పు చెప్పే పాత పద్ధతిని ఇప్పుడు కొంత అనుమానంతోనే చూడాలి. ఈ20తో ప్లగ్ మీద రంగు తక్కువగా పడుతుంది. కాస్త తెల్లగా ఉందని జెట్ పెంచేయకండి. నల్లటి పొడి మసి ఉంటే మాత్రం రిచ్ అని నమ్మొచ్చు.

10. ఎండాకాలం, చలికాలం, పీయూసీ

మే నెల 42 డిగ్రీల మధ్యాహ్నానికీ, జనవరి 15 డిగ్రీల పొద్దుటికీ గాలి సాంద్రతలో దాదాపు తొమ్మిది శాతం తేడా ఉంది. నగరం ఎత్తు వల్ల వచ్చే తేడా కంటే ఇది ఎక్కువ. ఎఫ్‌ఐ బండి సెన్సర్‌తో సర్దుకుంటుంది, కార్బొరేటర్ సర్దుకోదు. మేలో సరిగ్గా కుదిర్చిన జెట్ డిసెంబరులో లీన్ అవుతుంది. అందుకే కార్బొరేటర్ ట్యూనింగ్ ఎండాకాలంలో చేస్తే కాస్త రిచ్ వైపు వదలండి.

పని అయ్యాక:

- నాలుగైదు రోజులు నడిపి, చల్లారాక ఎగ్జాస్ట్ నట్లన్నీ మళ్లీ బిగించండి
- పీయూసీ చేయించండి. ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ కొలుస్తారు కాబట్టి పైలట్ రిచ్‌గా ఉంటే అక్కడే తెలిసిపోతుంది, ఫెయిలైతే 6.3కి వెళ్లండి
- తీసిన కంపెనీ సైలెన్సర్, జెట్లు, వాషర్లు కవర్లో వేసి, అంకెలు రాసి దాచండి. బండి అమ్మేటప్పుడు అడుగుతారు